కోడ్ చదవడం వచ్చా?

ఇంజినీరింగ్‌లో చేరబోయే పిల్లలున్న ఇంట్లో ఈ రోజుల్లో తప్పకుండా వినిపించే చర్చ... ముందు సీ నేర్పించాలా, జావానా, పైథానా అని. ఏది వస్తే ఉద్యోగం వస్తుందన్నదాని మీదే అందరి దృష్టీ. ఏ భాషను చూడగానే కొత్తవాళ్లకు ఎంత అర్థమవుతుందన్నది మాత్రం పెద్దగా చర్చకు రాదు. నిజానికి కంప్యూటర్ శాస్త్రవేత్తలు అరవై ఏళ్లకు పైగా దాని మీద కుస్తీ పడుతున్నారు. ఇంగ్లీషులా కనిపించే భాషే సులువైనదా? గుర్తులు తగ్గితే చాలా? తెలుగు మీడియం పిల్లల సంగతేంటి?

ఏడో ఎక్కం రాయమంటే మూడో తరగతి పిల్లలు గుక్కతిప్పుకోకుండా రాసేస్తారు. అదే ఎక్కాన్ని కంప్యూటర్ చేత రాయించాలంటే ఒక్కో ప్రోగ్రామింగ్ భాషలో ఒక్కోలా చెప్పాలి. (అసలు ప్రోగ్రాముల్లో ఇవి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. చదువుకునే వీలు కోసం ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం.)

బేసిక్‌లో అయితే ఇలా:

ఫర్ ఐ = 1 టు 10
ప్రింట్ 7 * ఐ
నెక్స్ట్ ఐ

పైథాన్‌లో ఇలా:

ఫర్ ఐ ఇన్ రేంజ్(1, 11):
    ప్రింట్(7 * ఐ)

సీ భాషలో ఇలా:

ఫర్ (ఐ = 1; ఐ <= 10; ఐ++)
    ప్రింట్‌ఎఫ్("%డి\ఎన్", 7 * ఐ);

ప్రోగ్రామింగ్ వాసన తెలియనివాళ్లకు ఈ మూడూ చూపించండి. మొదటిది చూసి ‘ఐ ఒకటి నుంచి పది దాకా వెళ్తుంది, ఏడుతో హెచ్చవేసి చూపిస్తుంది’ అని ఊహించడం కష్టం కాదు. రెండోదాని దగ్గర చిన్న తిరకాసు ఉంది. ఎక్కం పదితో ఆగాలి కదా, 11 ఎందుకు? పైథాన్‌లో రేంజ్ అంటే రెండో అంకెకు ముందే ఆగిపోవడం కాబట్టి. మూడోదాంట్లో తిరకాసు ఇంకా పెద్దది. బ్రాకెట్లో మూడు ముక్కలు వరసగా ఉన్నాయి. కన్ను వాటిని వరసగానే చదువుతుంది. కంప్యూటర్ మాత్రం మొదటి ముక్కను ఒక్కసారే చేసి, రెండోదాన్ని సరిచూసుకుని, కింది లైనులోకి దిగి ఆ పని ముగించి, మళ్లీ పైకొచ్చి అప్పుడు మూడో ముక్కను అందుకుంటుంది. చదివే దారి ఒకటి, పని జరిగే దారి ఇంకొకటి. కొత్తవాళ్లు తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే.

ఒక భాష సులువా కష్టమా అని తేల్చడానికి ఇదే అసలు కొలత. మాటలు ఇంగ్లీషులా ఉన్నాయా అని కాదు, కంటికి కనిపించిందే లోపల జరుగుతోందా అని చూడాలి. ఈ సంగతి తెలుసుకోవడానికి కంప్యూటర్ ప్రపంచానికి చాలా ఏళ్లే పట్టింది.

మామూలు ఇంగ్లీషులో రాస్తే పోలా!

1950ల్లో అమెరికాలోని రెమింగ్టన్ ర్యాండ్ సంస్థలో పనిచేస్తున్న గ్రేస్ హాపర్‌ది స్వతహాగా లెక్కల చదువే. అయినా గుర్తులతో రాసే పద్ధతి అందరికీ నప్పదని ఆమె గమనించారు. జీతాల పట్టికలు, సరకుల నిల్వలు చూసుకునే విభాగాలవాళ్లకు గుర్తులంటే పడదు, మాటల్లో రాస్తేనే వాళ్లకు సుఖం. అయితే మాటల్నే కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేస్తే సరి అనుకున్నారామె. అలా పుట్టింది ఫ్లో-మ్యాటిక్. దాని దారిలోనే, 1959లో పెంటగాన్‌లో జరిగిన సమావేశంతో మొదలైన కసరత్తు కోబాల్ భాషకు ప్రాణం పోసింది.

‘యాడ్ బోనస్ టు శాలరీ.’ కోబాల్‌లో ఇది అచ్చమైన ఆదేశం. చివర్లో ఫుల్‌స్టాప్‌తో సహా వాక్యమే. గుమస్తా చదివినా, మేనేజరు చదివినా తెలిసిపోతుంది. మరి ఐదొందల లైన్లు వరసగా ఉంటే? ఏ లైనుకా లైను అర్థమవుతుంది, అన్నీ కలిపి ఏం చేస్తున్నాయో మాత్రం అంతు చిక్కదు. మేనేజర్లే ప్రోగ్రాములు చదువుకుంటారన్న ఆశ అక్కడే ఆగిపోయింది.

లైను అర్థమైనా దాని పర్యవసానం అంతు చిక్కదనడానికి పెద్ద రుజువు వై2కే సమస్య. కంప్యూటర్ మెమొరీ ఖరీదైన కాలంలో చోటు కలిసొస్తుందని సంవత్సరానికి రెండంకెలే కేటాయించారు. కోబాల్ ప్రోగ్రాములో ఆ లైను చదివితే ‘ఇక్కడ రెండంకెలు పడతాయి’ అని స్పష్టంగా తెలుస్తుంది. తప్పేమీ కనపడదు. 2000 వచ్చిననాడు అది ‘00’ అవుతుందనీ, కంప్యూటర్ దాన్ని 1900గా లెక్కగట్టే ప్రమాదం ఉందనీ ఆ లైను చెప్పదు, చదివేవాళ్లే ఆలోచించుకోవాలి. ఆ పాత కోడ్‌ను చదివి సరిదిద్దేవాళ్లు కావాల్సి రావడంతోనే 1990ల చివర్లో అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదికి మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ ఎక్కాయి. ఎంతోమంది తెలుగు కుర్రాళ్లు అమెరికా విమానం ఎక్కింది ఆ ఊపులోనే. అంటే వాళ్లకు పనిచ్చింది కొత్త కోడ్ రాయడం కాదు, ఎవరో ఎప్పుడో రాసింది చదవడం.

హాపర్‌కు పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లినవారు కెనెత్ ఐవర్సన్. 1962లో ఆయన పుస్తకంతో వెలుగులోకి వచ్చిన ఏపీఎల్‌లో మాటలకు బదులు ప్రత్యేక గుర్తులుంటాయి. వాటికోసం కీబోర్డే వేరుగా కావాల్సి వచ్చింది. మన ఏడో ఎక్కం అందులో ఎంతో తెలుసా? 7, హెచ్చవేత గుర్తు, అయోటా అనే గ్రీకు అక్షరం, 10. అంతే! అయోటా 1 నుంచి 10 దాకా అంకెల్ని పరుస్తుంది, 7 వాటన్నిటినీ ఒకేసారి హెచ్చవేస్తుంది. తెలిసినవాళ్లకు ఇంతకంటే తేటగా ఇంకేదీ ఉండదు, తెలియనివాళ్లకు ఇంతకంటే అయోమయమూ ఉండదు. సరైన గుర్తులు ఆలోచనకు పదును పెడతాయన్నది ఐవర్సన్ వాదన. ఆయనకు 1979లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఏపీఎల్ మాత్రం కొత్తవాళ్ల భాష కాలేకపోయింది.

తెల్లవారుజామున నాలుగింటికి...

కొత్తవాళ్ల కోసమే భాష తయారుచేయాలని కూర్చున్నవాళ్లు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్. ఇద్దరూ అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో లెక్కల ప్రొఫెసర్లు. సైన్సు చదివేవాళ్లకే కాదు, సాహిత్యం, చరిత్ర చదివే విద్యార్థులకూ కంప్యూటర్ అందాలన్నది వాళ్ల పట్టుదల. 1964 మే 1న తెల్లవారుజామున నాలుగు గంటలకు తొలి బేసిక్ ప్రోగ్రాములు నడిచాయి.

అందులో ఒక చిన్న మాట వెనక పెద్ద ఆలోచన ఉంది. ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అని రాస్తే ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు సున్నా వేస్తారు. ఏ సంఖ్యా తనకన్నా ఒకటి ఎక్కువ ఉండదు కదా! అందుకే తొలి బేసిక్‌లో దాని ముందు ‘లెట్’ అని పెట్టాలన్నారు. ఆ మాట చూడగానే ఇది సమీకరణం కాదు, ‘ఎక్స్‌లో ఒకటి కలిపి మళ్లీ ఎక్స్‌లోనే పెట్టు’ అన్న ఆదేశమని తెలుస్తుంది. 1970లో నిక్లాస్ విర్త్ చదువు చెప్పడానికే రూపొందించిన పాస్కల్‌లో సమాన గుర్తుకు ముందు కోలన్ చేర్చి ఆ తేడా చూపించారు.

సీ అలాంటి మొహమాటాలేవీ పెట్టుకోలేదు. ఒక సమాన గుర్తు పెడితే విలువ వేయడం, రెండు పెడితే పోల్చడం. ‘ఇఫ్’ పక్కన రెండుకు బదులు ఒకటే పడితే ప్రోగ్రాము ఆగదు, నిక్షేపంగా నడుస్తుంది. జవాబు మాత్రం తప్పుతుంది. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ దాన్ని తయారుచేసింది యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకోవడానికి. వాడేది ఆరితేరినవాళ్లు, వాళ్లకు తక్కువ అక్షరాల్లో ఎక్కువ పని జరగాలి. ఆ పనికి సీ మహబాగా సరిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అప్పటి లెక్కలోనే లేరు.

నీలం తెర ముందు మొదటి ఏడాది

మన దగ్గర మాత్రం ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చాలాకాలంగా సీ భాషకే పెద్దపీట. టర్బో సీ నీలం తెరను చూడకుండా ఒక తరం ల్యాబ్ దాటలేదు. అక్కడ మొదట ఎదురయ్యేది లెక్క కాదు, గుర్తులు. ఒక సంఖ్యను చూపించే ప్రింట్‌ఎఫ్‌లో శాతం గుర్తు, దాని పక్కన డి. అదే సంఖ్యను తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో ఇవి కాక పేరుకు ముందు ‘&’ కూడా ఉండాలి. ఎందుకుండాలో చెప్పాలంటే మెమొరీలో చిరునామాల గురించి చెప్పాలి. ఆ పాఠం పాయింటర్లతో ఎప్పుడో వస్తుంది. అప్పటిదాకా ‘అలా పెట్టాలంతే’ అన్నదే సమాధానం.

సెమీకోలన్ మర్చిపోతే ఇంకో తంతు. తప్పు అయిదో లైనులో ఉంటే, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరు చాలాసార్లు ఆరో లైను మీద వేలు పెడుతుంది. ఆరో లైను మొదలయ్యాకే దానికి అనుమానం వస్తుంది మరి. విద్యార్థి ఆరో లైనునే పదిసార్లు చదివి, ఏ తప్పూ దొరక్క తల పట్టుకుంటాడు.

జావాలో మొదటి అడుగే బరువు. తెరమీద ఒక్క పలకరింపు కనపడాలంటే పబ్లిక్, క్లాస్, స్టాటిక్, వాయిడ్, మెయిన్, స్ట్రింగ్, ఆర్గ్స్... ఇన్ని మాటలు రాయాలి. వాటిలో మొదటిరోజు అర్థం చెప్పగలిగింది ఒక్కటీ ఉండదు. ఈ బాధ జావా తయారీదారుల దాకా వెళ్లింది. 1995లో వచ్చిన భాష ముప్ఫై ఏళ్ల తర్వాత, 2025 సెప్టెంబరులో విడుదలైన జావా 25లో ఈ అలంకారాల్ని చాలావరకు వదిలించుకుంది. క్లాసు ఊసు లేకుండా చిన్న మెయిన్‌తో ఇప్పుడు మొదటి ప్రోగ్రాము రాసేయొచ్చు.

కోలన్ వెనక ఓ ఇల్లాలు

పైథాన్ చదవడానికి హాయిగా ఉంటుందని అందరూ అంటారు. దాని లక్షణాలు చాలావరకు ఏబీసీ అనే భాష నుంచి వచ్చాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పరిశోధన సంస్థ సీడబ్ల్యూఐలో లాంబర్ట్ మీర్టెన్స్ బృందం దాన్ని తీర్చిదిద్దింది. అక్కడే పనిచేసిన గైడో వాన్ రోసమ్ 1991లో పైథాన్‌ను లోకానికి అందించారు. పైథాన్‌లో ‘ఫర్’, ‘ఇఫ్’ లైన్ల చివర కనిపించే కోలన్ కథను ఆయనే తన బ్లాగులో పంచుకున్నారు.

1978లో పోలండ్‌లోని యబ్లొనాలో ఒక పాత భవంతిలో మీర్టెన్స్, రాబర్ట్ డెవార్, మరో ఇద్దరు నిపుణులు కూర్చుని, తాము తయారుచేస్తున్న భాష ఎలా ఉండాలో వాదించుకుంటున్నారు. ఒకే ప్రోగ్రామును రకరకాల తీరుల్లో రాసి చూసుకున్నా ఏది బాగుందో తేలలేదు. చివరికి డెవార్ భార్య కారిన్‌ను గదిలోంచి పిలిచి అభిప్రాయం అడిగారు. మొదటిదాన్ని వివరించగానే ఆమెకు ఒకచోట సందేహం వచ్చింది. ఈ లైనులో ‘ఇన్నిసార్లు చెయ్యి’ అన్నది ఈ ఒక్క లైనుకే కాదా, కింది లైన్లకు కూడా వర్తిస్తుందా అని అడిగారు. నిపుణులెవరికీ తట్టని ప్రశ్న అది. ఆ లైను చివర ఒక కోలన్ పెడితే ‘ఇంకా ఉంది, కింద చూడు’ అని అర్థమైపోతుందని వాళ్లకు అప్పుడు తోచింది. కంప్యూటర్‌కు ఆ కోలన్ అక్కర్లేదు. అక్కడ అది ఉన్నది కేవలం చదివేవాళ్ల కోసం.

అలాగని పైథాన్‌లో గోతులు లేవని కాదు. ఈ నాలుగు లైన్లు చూడండి:

ఎ = [1, 2, 3]
బి = ఎ
బి.అపెండ్(4)
ప్రింట్(ఎ)

నాలుగు చేర్చింది ‘బి’కి. మరి ‘ఎ’ని చూపించమంటే? 1, 2, 3, 4 అని వస్తుంది! ‘బి = ఎ’ అన్నప్పుడు రెండో జాబితా పుట్టలేదు, ఉన్న జాబితాకే రెండో పేరు వచ్చింది. ఇక్కడ కష్టమైన గుర్తు ఒక్కటీ లేదు. అయినా చదివింది ఒకటి, జరిగింది ఇంకొకటి. తేలిగ్గా కనిపిస్తుంది కాబట్టే ఈ గొయ్యి ప్రమాదం.

అడ్డదిడ్డం భాషతో పోటీ

ఏది సులువన్నది అభిప్రాయాలకు వదిలేయకుండా పరీక్షపెట్టి చూసినవారు ఆండ్రియాస్ స్టెఫిక్, సుసానా సీబర్ట్. ముందే ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లను కాకుండా కొత్తవాళ్లను ఎంచుకుని, నమూనాలు చూపించి, చిన్న ప్రోగ్రాములు రాయించారు. పరీక్షలోని అసలు భాషల మధ్య ర్యాండొమో అనే ఉత్తుత్తి భాషను కూడా కలిపారు. కీబోర్డు మీది గుర్తుల్ని చీటీలు తీసినట్టు అడ్డదిడ్డంగా ఎంచి అల్లిన భాష అది. 2013లో వెలువడిన ఫలితం చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. పైథాన్, రూబీ, స్టెఫిక్ బృందమే తయారుచేసిన కోరమ్ భాషల్లో కొత్తవాళ్లు మెరుగ్గా రాశారు. జావా, పెర్ల్ వాడినవాళ్లు మాత్రం ఆ అడ్డదిడ్డం భాష వాడినవాళ్ల కంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా ఏమీ రాయలేదు!

ఎంచుకునే మాటల్లోనూ తేడా కనపడింది. ఒక పనిని మళ్లీ మళ్లీ చేయించడానికి దాదాపు అన్ని భాషలూ వాడే ‘ఫర్’ కొత్తవాళ్లకు ఏమీ స్ఫురింపజేయలేదు. ‘రిపీట్’ అంటే ఇట్టే అర్థమైంది. కోరమ్‌లో ‘రిపీట్ 10 టైమ్స్’ అని రాస్తే చాలు. చూపులేని విద్యార్థుల కోసం మొదలైన భాష అది. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ప్రతి బ్రాకెట్‌నూ, ప్రతి సెమీకోలన్‌నూ పైకి చదువుతుంటే వినడం ఎంత నరకమో ఊహించుకోండి. అనవసరపు గుర్తుల్ని తగ్గిస్తే చూపులేనివాళ్లతోపాటు చూపున్న కొత్తవాళ్లకూ మేలే జరిగింది.

తెలుగు మీడియం సంగతేంటి?

ఈ భాషల మాటలన్నీ ఇంగ్లీషువే. ఇంగ్లీషు రానివాళ్లకు ‘రిపీట్’ అయినా, ‘ఫర్’ అయినా ఒకటే. ఇదీ కొత్త చర్చ కాదు. మాటల్ని మార్చడం కంప్యూటర్‌కు లెక్కే కాదని నిరూపించడానికి గ్రేస్ హాపర్ అప్పట్లోనే ఒకే ప్రోగ్రామును ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ మాటల్లో రాసి చూపించారు. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి, జర్మన్ ఎలా వస్తాయని యాజమాన్యం బెదిరిపోయింది. ఇంగ్లీషు తప్ప ఇంకో భాష జోలికి వెళ్లబోమని వాళ్లను ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టిందని ఆమె తర్వాత నవ్వుతూ చెప్పుకున్నారు.

ఇప్పుడు ఆ భయం లేదు. పొరుగున తమిళంలో ఎళిల్ అనే భాష ఉంది, మాటలన్నీ తమిళమే. నెదర్లాండ్స్‌కు చెందిన ఫెలియన్ హెర్మన్స్ 2020లో మొదలుపెట్టిన హెడీలో మెట్లుంటాయి. మొదటి మెట్టులో కోట్‌లు, బ్రాకెట్లు ఏవీ ఉండవు, అవసరమైనకొద్దీ ఒక్కోటీ వచ్చి చేరతాయి. చివరికి తేలేది పైథాన్‌లోనే. అరబిక్ లాంటి భాషల మాటలతోనూ అందులో రాయొచ్చు. పిల్లల కోసం ఎంఐటీ వాళ్లు చేసిన స్క్రాచ్ భాషను వాడేవాళ్లను సయమిందు దాస్‌గుప్తా, బెంజమిన్ మాకో హిల్ పరిశీలించారు. ఒకే దేశంలో ఇంగ్లీషు తెరతో నేర్చుకున్నవాళ్ల కంటే సొంత భాషలో నేర్చుకున్నవాళ్లు కొత్త అంశాల్ని త్వరగా అందుకున్నారని 2017లో తేల్చారు.

మాటల్ని మించి వరస కూడా అడ్డొస్తుంది. మనం ‘మార్కులు 35 దాటితే పాస్’ అంటాం. షరతు మొత్తం చెప్పాకే అది షరతని తెలుస్తుంది. ప్రోగ్రాముల్లో ‘ఇఫ్’ ముందే వచ్చి కూర్చుంటుంది. ఆదేశాల్లో మనకు క్రియ చివర, ఇంగ్లీషువాళ్లకు ముందు. 1970 ప్రాంతంలో చార్లెస్ మూర్ రూపొందించిన ఫోర్త్‌లో మాత్రం ‘7 3 *’ అని రాయాలి. ఇంగ్లీషువాళ్లు తలకిందులుగా ఉందంటారు. ‘ఏడును మూడుతో హెచ్చవేయి’ అనే మనకు అది నోటికొచ్చిన వరసే! ఏ భాష సహజమన్నది చదివేవాళ్లు ఎక్కడినుంచి వచ్చారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

రాయడం కాదు, ముందు చదవాలి

ఇంతా చేసి, భాషను మార్చినంత మాత్రాన పనవుతుందా? 2004లో రేమండ్ లిస్టర్ ఆధ్వర్యంలో వివిధ దేశాల విశ్వవిద్యాలయాల అధ్యాపకులు కలిసి తొలి ప్రోగ్రామింగ్ కోర్సు విద్యార్థులకు పరీక్ష పెట్టారు. ప్రోగ్రామ్ రాయమనలేదు. ఇచ్చిన చిన్న కోడ్‌ను చదివి, నడిస్తే ఏమొస్తుందో చెప్పమన్నారు. చాలామంది అక్కడే తడబడ్డారు. చదవడం రానివాళ్ల చేత రాయిస్తున్నామన్నమాట.

అక్షరాలు, పద్యాలు, ఎక్కాలు మనం నేర్పే పద్ధతి వేరు. పైకి చదివించి, వల్లెవేయించి, తర్వాత రాయిస్తాం. హెర్మన్స్ బృందం బడిపిల్లల చేత కోడ్‌ను అలాగే పైకి చదివించి చూసింది. చదివినవాళ్లకు మిగతావాళ్ల కన్నా బాగా గుర్తుంది. ముందు చదివించకుండా నేరుగా రాయించడం ఒక్క కంప్యూటర్ ల్యాబ్‌లోనే చూస్తాం.

కృత్రిమ మేధ వచ్చాక ఈ లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతోంది. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాయి. అడిగితే క్షణాల్లో వంద లైన్లు రాసిపెడతాయి. ఆ వందలో తప్పున్న లైను ఏదో పట్టుకోవాల్సింది మనిషే. రాయగలగడం కన్నా చదవగలగడానికే ఇకమీదట విలువెక్కువ.

కొత్త కోడ్ చేతికొస్తే...

* ప్రతి లైనునూ తెలుగులో పైకి చెప్పండి. చెప్పలేకపోతే ఆ లైను అర్థం కానట్టే.
* కాగితం మీద గళ్లు గీసి, లైను మారినప్పుడల్లా ఏ పేరులో ఏ విలువ ఉందో రాయండి.
* నడపకముందే జవాబు ఊహించి రాసుకోండి. వచ్చినదానితో పోల్చండి.
* ఒక్క అంకె మార్చండి. ఏం మారుతుందో ముందే చెప్పండి. రేంజ్‌లో 11ను 10 చేస్తే ఎక్కం ఎక్కడ ఆగుతుంది?
* తప్పు ఫలానా లైనులో ఉందని కంప్యూటర్ అంటే, దాని పై లైను కూడా చూడండి.

ఇక మొదటి భాష ఏదంటారా... పదేళ్ల పిల్లలకు స్క్రాచ్, పెద్దవాళ్లకు పైథాన్. ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు. సీబీఎస్ఈ 11, 12 తరగతుల్లో సీ ప్లస్ ప్లస్ పోయి పైథాన్ వచ్చింది. 2014 నాటికే అమెరికాలో అగ్రస్థాయి పది కంప్యూటర్ సైన్స్ విభాగాల్లో ఎనిమిది తొలి పాఠాలు పైథాన్‌లో చెబుతుండేవి. సీ నేర్చుకోవాల్సిందే, కానీ రెండోదిగా. యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి పుట్టాక అంతకుమించిన భాష లేదు.

అధ్యాపకులకు ఒక్క మనవి. సిలబస్ మార్చడం మీ చేతుల్లో లేకపోవచ్చు, ల్యాబ్ గంట మాత్రం మీదే. వారంలో ఒక్క గంట కీబోర్డులు పక్కన పెట్టించండి. ఇరవై లైన్ల కోడ్ బోర్డు మీద రాసి, ఒక్కో విద్యార్థినీ లేపి, ఒక్కో లైనూ ఏం చేస్తుందో తెలుగులో చెప్పించండి. ఆ గంటకు కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు.